గోడ మీద నెమలి

ఆదివారం మధ్యాహ్నం, అమెరికాలో, పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో భార్యాభర్తలు ఉద్యోగాల కోసం ఇచ్చే దొంగ ఇంటర్వ్యూల మీద తీసిన బ్రిటిష్ డాక్యుమెంటరీ చూస్తున్నారు.

“ఛీ, ఆపెయ్! వీళ్ళ డ్రామాల్లో ఎప్పుడూ వానా, శవమూ. కామెడీ చూస్తే ఏడుపొస్తుంది. ఇప్పుడేమో డాక్యుమెంటరీ పేరుతో మనవాళ్ళ పరువు తీస్తున్నారు.”

“పరువు తీసుకున్నది మనవాళ్ళేగా? కెమెరా ముందు ఒకడు ఉత్తినే పెదాలు కదుపుతాడు. పక్కన దాక్కుని ఇంకొకడు ఆన్సర్లు చెప్తాడు. చూస్తుంటేనే అసహ్యమేస్తోంది.”

“ముఖాలు బ్లర్ చేశారుగా. ఎవరితోనో యాక్ట్ చేయించుంటారు.”

“ముఖం బ్లర్ చేశారు. వాడి వెనక గోడ మీద నేను కుట్టిన నెమలిని బ్లర్ చెయ్యడం మర్చిపోయారు.”

భర్త గబుక్కున రిమోట్ అందుకుని టీవీ ఆపేశాడు.

“అంటే, నీ జాబ్ అలా వచ్చిందన్నమాట.”

“అదీ... అది కాదు...”

“ఆగిపోయావేం? పక్కనుంచి ఆన్సర్ చెప్పడానికి ఇక్కడెవరూ లేరు.”