ఆ తొట్టి ఎవరిది?

సభాధ్యక్షులు జగన్నాధం గారికి, మా ఆయనతో ముప్పై నాలుగేళ్ళు కలిసి పనిచేసిన ల్యాబు వారందరికీ, భోజనాల వాసన వస్తున్నా కదలకుండా కూర్చున్న గరివిడి అక్కచెల్లెళ్ళకీ నమస్కారం. రెండు ముక్కలు మాట్లాడమన్నారు. రెండుతో ఆగను, ముందే చెబుతున్నాను. (నవ్వులు)

మా ఆయన రిటైర్మెంటు సభ కదా, ఇందాకటి నుంచి వింటున్నాను. మాట్లాడినవారంతా భీమశంకరరావు గారి ఉద్యోగం గురించి రెండు మాటలు, వారింట్లో కోరల్స్ పెంచే అక్వేరియం గురించి పది మాటలు చెప్పారు. మురళీమోహన్ గారైతే ‘పగడాలని పసిపిల్లల్లా సాకిన మహానుభావుడు’ అనేశారు. బాబూ మురళీమోహన్ గారూ, ఆ తొట్టి ముందు కూర్చుని మీరు ఎన్నిసార్లు ఉప్మా తిన్నారు? దీనికి నీళ్ళెవరు మారుస్తున్నారమ్మా అని ఒక్కసారైనా అడిగారా? (నవ్వులు) నవ్వకండి, నాకు ఒళ్ళు మండుతోంది.

ఆరేళ్ళ క్రితం ఈయన విశాఖపట్నంలో ఒక కొట్టు నుంచి మూడు రకాల పగడాలు తెచ్చారు. పుట్టగొడుగుల్లాంటిదొకటి, తోలులా ఉండేదొకటి, చొక్కా బొత్తాల్లా గుత్తిగా ఉండేదొకటి. కొట్టతను తొట్టి కోసం ప్రత్యేకమైన ఉప్పు ఇస్తానంటే, “సముద్రం పక్కనెట్టుకుని ఉప్పు కొనుక్కోడవేటి?” అని వద్దన్నారట. నన్ను వెంటబెట్టుకుని కళింగపట్నం వెళ్ళి నాలుగు క్యాన్లు నింపారు. అక్కడ సముద్రంలో కలిసే వంశధార వరద మీదున్న రోజులవి. అక్కడ చేపలమ్మే మరిడమ్మ చూసి, “వరద నీరు కలిసిపోనాది బాబూ, నోట్లో ఏసి సూడు, ఉప్పేటున్నాది?” అంది. ఈయన నవ్వేశారు. రోజూ ఖనిజంలో ఏది ఎంతుందో తేల్చి చెప్పే మనిషి, ఆ నీళ్ళలో ఉప్పెంతుందో చూడలేదండీ! మూడో రోజుకి బొత్తాలన్నీ ముడుచుకుపోయాయి. ఈయన డ్యూటీకి వెళ్ళిపోయారు.

అప్పుడు ఆ కొట్టతనికి ఫోన్ చేసి, ఉప్పూ, ఉప్పు కొలిచే పరికరమూ తెప్పించి, అన్నీ ఒక్కొక్కటే నేర్చుకున్నది నేను. పుట్టగొడుగులకి ఎక్కువ వెలుతురు పడదు, నీరు నిదానంగా కదలాలి. తోలుదానికి నీరు జోరుగా తగలాలి. బొత్తాలకి వెలుతురు కావాలి, వాటిలో విషం ఉంటుంది కాబట్టి గ్లవుజు లేకుండా ముట్టకూడదు. ఈయన్ని అడిగితే ఏమన్నారో తెలుసా? “అన్నీ కోరల్సే కదేటి, ఒకే లైటు ఏసెయ్.” (నవ్వులు)

ఒకసారి తోలుది మాడుమొహం పెట్టి ముడుచుకుంది. “సచ్చిపోనాది, తీసి పారేయ్” అన్నారు. పారెయ్యలేదు. అది పైపొర వదులుకుంటోందని చదివి, నీటి జోరు పెంచి, ఎనిమిది రోజులు దాని ముందే కూర్చున్నాను. తిండి సయించలేదంటే నమ్మండి. తొమ్మిదో రోజు పొర ఊడి, మళ్ళీ విచ్చుకుంది. ఆ సంగతి చెబుదామంటే ఈయన పేపరు చదువుకుంటున్నారు.

(మంచినీళ్ళు తాగి)

నిన్న నాతో ఏమన్నారంటే, “ఇక రిటైరైపోనాను కదా, తొట్టి నేనే సూసుకుంటాను, నువ్వు రెస్టు తీసుకో.” ప్రేమతోనే అన్నారు. నేను మాత్రం ఒప్పుకోను. వంటా, ఇల్లూ అందరి కోసం చేశాను. ఇది ఒక్కటే నాకు నేనుగా నేర్చుకున్నది. దాన్ని నా చేతుల్లోంచి తీసుకోవద్దు.

ఏవండీ, శాలువా సర్దుకోవడం ఆపి ఇటు చూడండి. ఆ తొట్టి ఎవరిది? తలూపితే వెనక వాళ్ళకి కనబడదు. ఆయనకి మైకివ్వండయ్యా.

“మా ఆవిడ కన్యాకుమారిదేనండి. ఏదెలా సూడాలో నాకు ఇప్పటికీ తెలీదు.”

(చప్పట్లు)

ఆరేళ్ళకి అన్నారు. కూర్చోండి. రేపు కాఫీ తాగి తొట్టి దగ్గరికి రండి, నేర్పుతాను. మొదటి నెల మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని చూడ్డమే.

ఆకలి మీదుండి కూడా నా గోడు విన్నారు, మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.