అత్తగారు తిన్న దుంపలు

"ఏమండీ, ఫ్రిజ్‌లో గుడ్డసంచీ ఖాళీగా ఉందేమిటి?"

ల్యాబ్ నుంచి వచ్చిన కోడలు ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలువునా నీరైపోయింది. భర్త గిన్నెలు కడుగుతున్నాడు. హాల్లో అత్తగారు ‘జన్యువులు మార్చిన తిండి మాకొద్దు’ అని రేపటి సభకు అట్టల మీద రాసుకుంటున్నారు.

"బంగాళాదుంపలా? వండేశాం. అమ్మ తరిగింది, నేను వేయించాను."

"వండేశారా!"

"మెల్లగా. అమ్మ వింటుంది."

"అవి కూరకి తెచ్చినవి కావండీ! మా ల్యాబ్‌వి!"

"ల్యాబ్‌వి ల్యాబ్‌లో ఉండాలిగా? మన టమాటాల పక్కన వాటికేం పని?"

"అక్కడ ఫ్రిజ్ పాడైంది. ఒక్క రోజుకని తెచ్చా."

"పేరు రాసి అంటించొచ్చుగా మరి?"

"ఏమని? జన్యువులు మార్చినవి అనా? మీ అమ్మగారు చూస్తే వీధంతా పిలిచి మన గుమ్మంలోనే సభ పెట్టేస్తారు. అందుకే ఏమీ రాయకుండా మూల దాచా."

"భలే దాచావ్. ఇప్పుడు అమ్మ కడుపులో దాక్కున్నాయి."

"నవ్వకండి! ఎంత తిన్నారు?"

"మూడు సార్లు వడ్డించుకుంది. నేనూ తిన్నాలే, నా సంగతి ఎవరికి కావాలి?"

"చచ్చాన్రా దేవుడా!"

"ఎందుకూ? రిపోర్టు రాసింది నువ్వేగా. మామూలు దుంపకీ దీనికీ తేడా లేదన్నావ్. విషాలేవీ లేవన్నావ్. ఎలుకలు శుభ్రంగా తిని బొద్దుగా అయ్యాయన్నావ్. రేపు సంతకం కూడా పెడుతున్నావ్."

"అదంతా నిజమే..."

"నిజమైతే ఇంకేం?"

"పురుగు పట్టకుండా ఆ దుంపలోకి ఎక్కించింది చిక్కుడు జన్యువండీ."

"చిక్కుడా?"

"ఆఁ."

"చిక్కుడు అమ్మకి పడదే! ఒక్క గింజ తగిలినా మొహం బంతిలా ఉబ్బిపోతుంది!"

"అదేగా నా భయం! అలాంటివాళ్ళ రక్తంతో చేసే పరీక్ష ఒకటుంది. అదొక్కటీ..."

"అదొక్కటీ?"

"అత్తయ్య వస్తున్నారు. ఊరుకోండి."

"ఏమిటర్రా, ఇద్దరూ పిల్లుల్లా మూలన చేరారు?"

"ఏం లేదత్తయ్యా. కూర... బాగుందా?"

"బ్రహ్మాండం! ఈమధ్య అలాంటి దుంప తిన్లేదు. ఏమ్మాయ్, నా మొహం వంక అలా చూస్తావేం?"

"ఒక్కసారి నాలుక చాపండి."

"నాలుకా? ఒరేయ్, నీ పెళ్ళాం నా నాలుక చూస్తానంటోంది."

"చూపించమ్మా, పోయేదేముంది."

"ఆఁ... చాలా?"

"గొంతు బిగిసినట్టుందా? పెదాలు మంటగా ఉన్నాయా?"

"లేదే. ఆఁ, నువ్వంటే తెలుస్తోంది. మెడ దగ్గర కాస్త దురదగా ఉంది."

"దురదా!"

"అయ్యో, చెవులు కూడా వేడెక్కుతున్నాయిరా!"

"ఏమండీ, కారు తాళాలు! ఆస్పత్రికి, తొందరగా!"

"ఆగాగు. నాలుగు దుంప ముక్కలకి ఆస్పత్రెందుకు?"

"అవి మామూలు దుంపలు కావత్తయ్యా. క్షమించండి. మా ల్యాబ్‌వి. చిక్కుడు జన్యువుంది వాటిలో."

"ఉంటే? నిన్న టీవీలో మీ పెద్దసారు పక్కన కూర్చుని, అన్ని పరీక్షలూ అయ్యాయి, ఎవరైనా తినొచ్చు అన్నావుగా. నా కోడలు చెప్పిందని నేను కూడా సగం నమ్మాను."

"అన్నీ కాలేదు! ఒకటి మిగిలింది. చిక్కుడు పడనివాళ్ళకి ఇది పడుతుందో లేదో ఇంకా తెలీదు."

"తెలీకుండానే సంతకమా?"

"అది తర్వాత చూద్దాం, ముందు సంతకం పెట్టు అన్నారు సార్. కాదంటే నా ఉద్యోగం ఉండదు. ఇవన్నీ తర్వాత మాట్లాడదాం, పదండి! ఊపిరి ఆడుతోందా?"

"శుభ్రంగా ఆడుతోంది. దురదా లేదు, వేడీ లేదు. కూర్చో."

"మరి చెవులన్నావ్ కదమ్మా?"

"నువ్వు కాసేపు నోర్ముయ్‌రా. చూడమ్మాయ్, ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో దుంపలు ఫ్రిజ్‌లో పెట్టినవాళ్ళు లేరు. తలుపు తియ్యగానే అనుమానం వచ్చింది."

"అంటే, మీరు తిన్నవి..."

"బజారులో కొన్నవి. నీవి నా మంచం కింద ఉన్నాయి, ఒక్కటీ పోలేదు."

"అత్తయ్యా! నా ప్రాణం పోయిందనుకున్నాను!"

"నాకూ భయమేసిందిలే, నీ కళ్ళు చూసి. రేపు వెళ్ళి సంతకం పెట్టేసి రా. సాయంత్రానికి అవే వండి ఉంచుతా. కాకపోతే మొదటి ముద్ద మాత్రం నువ్వే, నీ చేత్తో నా నోట్లో పెట్టాలి."