మూడు ఓట్ల ఊరు

శుక్రవారం మధ్యాహ్నం, దోహాలోని అల్ ముంతజా. చర్చిలో ప్రార్థన ముగించుకుని వచ్చిన సువార్తరావు తన గదిలో ల్యాప్‌టాప్ తెరిచాడు. ఉమ్ సలాల్ తోటలో ఖర్జూర చెట్లకు నీళ్లు పెట్టే హన్మాండ్లు పక్కన కుర్చీ అంచున కూర్చున్నాడు. ఊళ్లో తన ఓటు ఉందో లేదో చూపించుకుందామని వచ్చాడే గాని, అతని మనసు ఓటు మీద లేదు.

"నాది గాదు సారూ, ముందు తిరుమల్ గాని ఓటున్నదా సూడు."

"నీ ఓటు చూడమని వచ్చి, వాడి ఓటెందుకయ్యా?"

"ఊకెనే. ఉన్నదా?"

"ఉంది. తిరుమల్, వయసు నలభై రెండు. కింద భార్య సుహాసిని. అయిందా?"

"ఉంటది. వానికేం రోగం! ఇద్దరం ఒక్క ఫ్లైట్ల వచ్చినం సారూ. నాలుగు నెలలు ఎండకు ఆగలేక ఏడ్సుకుంట పోయిండు. నేను పన్నెండేండ్ల సంది చెట్లకు నీళ్లు వెడుతున్న, వాడు తెల్లంగి ఏసుకొని ఊర్ల ఆడోళ్లందరికి అన్న అయిండు. గ్యాస్ అయిపోతే తిరుమలన్న, పించన్ రాకపోతే తిరుమలన్న. మా ఇంటామె గౌరవ్వ సుత గంతే."

"మగాళ్లంతా ఇక్కడుంటే అక్కడ ఎవరో ఒకరు చూసిపెట్టాలిగా."

"సూస్తడు. బాగనే సూస్తడు. ఇగో, ఈ ఫోటో సూడు. వాట్సాప్ల వెట్టిండు."

"మహిళా సంఘం మీటింగులా ఉంది. ముప్పై మంది ఉన్నారు."

"ముప్పై మందిల వాని పక్క కుర్సీల ఎవ్వరు కూసున్నరు?"

"నాకేం తెలుసయ్యా?"

"మా ఆమె."

"పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలిగా."

"ఆమెనే ఎందుకు కూసోవాలె? నవ్వుతుంది సూడు. నాతోని వీడియో కాల్ల గట్ల నవ్వి ఎన్నొద్దులైందో."

"సరే, ఆ ఫోటో లోపల పెట్టి నీ ఓటరు కార్డు నంబరు చెప్పు."

"చెప్త గని, మొత్తం మా ఊర్ల ఓట్లెన్ని?"

"పదకొండొందల నలభై ఆరు. ఆడవాళ్లు ఆరొందల అరవై. మగవాళ్లు నాలుగొందల ఎనభై ఆరే!"

"అండ్ల రెండొందల మంది గిక్కడ, దుబాయ్ల, మస్కట్ల. అందుకే వాడు ఆడోళ్లను వట్టుకున్నడు. పోయినసారి మూడే మూడోట్లతోని ఓడిండు. గీసారి సర్పంచ్ సీటు ఆడోళ్లకు వచ్చింది గదా, పెండ్లాన్ని నిలవెడుతుండట. మా చిన్నాయన కొడుకు లింబాద్రి చెప్పిండు. సుహాసిని పేరుకే. సర్పంచ్ వీడే."

"అయితే నీకేంటి?"

"నాకేం లేదు."

"ఏం లేకపోతే మీ తోట నుంచి ఇంత దూరం ఎందుకొచ్చావు?"

"టికెట్ తీసుకున్న సారూ. మా యజమాని కఫీల్ కాళ్లు వట్టుకుంటె పదిహేను రోజులు సుట్టి ఇచ్చిండు."

"ఓటెయ్యడానికా? కూతురు పెద్దమనిషైతే సెలవడగని వాడివి!"

"గప్పుడు వాడు నిలవడలె."

"బాగుందయ్యా నీ వరస. నంబరు చెప్పు, యల్లా, తొందరగా."

"ఇగో కార్డు."

"రాలేదు."

"ఏం రాలె?"

"నీ పేరు. ఉండు, మళ్లీ కొడతాను. లేదు, ఈ అరబ్బులన్నట్టు మాఫీ."

"అట్లెట్ల? ఇంటి నంబరు మీద సూడు. మూడు బై నలభై ఒకటి."

"గౌరవ్వ ఉంది. ఒక్కతే ఉంది."

"ఒక్కతే?"

"కంగారు పడకు. తీసేసిన పేర్లు వేరేగా వేస్తారు. ఇదిగో, హన్మాండ్లు. ఊరు విడిచి వెళ్లాడని రాశారు."

"నేనేడికి విడిసిన? నా ఇల్లు ఆడనే ఉన్నది, నా పెండ్లాం ఆడనే ఉన్నది!"

"బయటి దేశంలో ఉన్నవాళ్లకి వేరే ఫారం ఉంటుంది. పాస్‌పోర్టు జత చేసి పెట్టుకోవాలి. నువ్వు పెట్టలేదు. ఇప్పుడు పెట్టినా లాభం లేదు, మీ పంచాయతీ జాబితా ఖరారైపోయింది."

"ఎవ్వరు తీసిన్రు? అంగన్‌వాడీ టీచర్ ఇల్లిల్లు తిరిగి రాసుకున్నదట. ఆమెనా?"

"ఆవిడ సొంతంగా తీయలేదు. ఎవరో అర్జీ పెట్టారు. పెట్టినవాళ్ల పేరు కూడా ఉంటుంది."

"ఇంకెవ్వడు! వాడే. సూడు సారూ, తిరుమల్ గాని పేరే ఉంటది. ఒక్క ప్రింటు తియ్యి, ఊర్ల ప్రతి గోడకు అంటిస్త. సారూ? ఏమైంది?"

"నెట్ ఆగింది."

"యాడ ఆగింది? నువ్వు సదువుతున్నవు."

"టీ తాగుదాం లే."

"ఇటు తిప్పు సారూ."

"హన్మాండ్లూ, నా మాట విను..."

"ఏడో తరగతి దాంక సదివిన. తిప్పు. గౌ... గౌరవ్వ. ఊర్ల ఆరుగురు గౌరవ్వలున్నరు."

"భర్త పేరు హన్మాండ్లు అని ఉంది."

"హన్మాండ్లు సుత ముగ్గురున్నరు."

"ఇంటి నంబరూ నీదేనయ్యా."

"వాడే రాపిచ్చిండు! పక్క కుర్సీల కూసోవెట్టుకొని రాపిచ్చిండు. ఆమెకేం ఎరుక, సంతకం వెట్టుమంటె వెట్టింది."

"అయ్యుండొచ్చు. ఊరెళ్లాక నిమ్మళంగా అడుగు."

"ఇప్పుడే అడుగుత. స్పీకర్ వెడుతున్న, నువ్వే సాక్షివి. ఆ, గౌరవ్వా!"

"ఆ, తిన్నవా? ఇయ్యాల శుక్రారం గదా, సుట్టి."

"నా ఓటు తీసేయిమని కాయిదం వెట్టింది ఎవ్వరు?"

"పక్కన ఎవ్వరన్న ఉన్నరా?"

"సువార్తరావు సారున్నడు. ఉండనియ్యి. ఎవ్వరు వెట్టిన్రు?"

"నేనే వెట్టిన."

"తిరుమల్ వెట్టుమన్నడా?"

"తిరుమలన్నకు తెల్వనే తెల్వదు."

"మళ్ల అన్న! వాని మీద ఈగ వాలనియ్యవు గదా."

"ఆయన పక్కన నా ఫోటో సూసి పది రోజులు ఫోన్ ఎత్తలె నువ్వు. పిల్లకు జరమొస్తె సుత ఎత్తలె. నేనేమన్న అన్ననా?"

"మాట మలపకు. సుహాసిని గెలవాల్నని నా ఓటు కొట్టేయించినవు. గంతే గదా?"

"సుహాసిని నిలవడ్తలేదు."

"లింబాద్రి చెప్పిండు!"

"లింబాద్రికి చెప్తె నీకు చెప్పినట్టే. అందుకే వానికి తెల్వనియ్యలె. సీటు ఆడోళ్లకు వచ్చిన నాడు సంఘమంత మనింటికే వచ్చింది."

"మనింటికెందుకు?"

"రేపు నామినేషన్."

"ఎవ్వరిది? గౌరవ్వా, ఎవ్వరిది?"

"అమ్మా, నమస్తే అమ్మా. నేను సువార్తరావుని. ఆయన కొంచెం కోపంలో ఉన్నాడు, తర్వాత మాట్లాడతాడు లెండి..."

"నమస్తే అన్నా. నువ్వు సుత ఇను. ఆ దినం అందరం మనింట్ల కూసొని ఊరి ఓట్లన్ని ఒక్కొక్కటి రాసినం, నాకు పడేటియి ఒక దిక్కు, పడనియి ఒక దిక్కు. పడని దిక్కు మొట్టమొదలు నేనే నా చేత్తోని మా ఆయన పేరు రాసిన."