దొరసానికి వడదెబ్బ

ఆ గుమ్మంలో నిలబడకు వదినా, నీకు పుణ్యముంటుంది. లోపలికైనా రా, బయటికైనా వెళ్లు. ఈ షెడ్డు మొత్తానికి కాస్తో కూస్తో గాలి వచ్చేది ఆ గుమ్మంలోంచే. నువ్వు అడ్డంగా నిలబడితే ఈ గుర్రాలు ఎలా బతుకుతాయి చెప్పు?

వాసనా? గుర్రాల దగ్గర గుర్రాల వాసనే వస్తుంది మరి. ఆ గడ్డిమోపు మీద కూర్చో. పొడిగానే ఉంది, బట్టలకేం కాదు.

ఊఁ, తిట్టు. తిట్టడానికే కదా ఇంత ఎండలో పడి వచ్చావు. అన్నయ్యకి ఎలాగూ తిట్టడం చేతకాదు, వాడి వంతు కూడా నువ్వే కానివ్వు. కాకపోతే నేను పని ఆపను, ఏమనుకోకు. ఈ కిటికీ గోనెపట్టాలు తడపాలి. ఇలా తడుపుతానో లేదో అలా ఆరిపోతున్నాయి. దిక్కుమాలిన ఎండలు!

నిన్న మీ ఇంటికి రాకూడదని కాదు వదినా. టైలరమ్మ వస్తుంది, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, నచ్చితే పెళ్లి మాట నేనెత్తుతాను అన్నావు. నేను సరేననలేదూ? చొక్కా కూడా ఇస్త్రీ చేయించాను. ఒట్టు! అదిగో, ఆ మేకుకి వేలాడుతోంది చూడు. నవ్వకు. సరే, నవ్వు. నలభై దాటినవాడు ఇస్త్రీ చొక్కా చూసుకుని మురిసిపోతే ఎవరికైనా నవ్వే వస్తుంది.

అది వేసుకునే ముందు ఓసారి వీటి మొహాలు చూసి పోదామని ఇటొచ్చాను. అదే నా కొంప ముంచింది.

చివరి గదిలో తెల్ల ఆడగుర్రం ఉంది కదా, దొరసాని. ఆ పేరు దానికి ఊరికే పెట్టలేదు. తల దించడమంటే తెలియదు దానికి, యజమానినైనా పైనించే చూస్తుంది. అలాంటిది తల వేలాడేసి నిలబడింది. ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మెడ మీద చెయ్యి వేశాను. అమ్మో, కాలిన పెనం! ఒంటి మీద చెమట చుక్క లేదు. భయమంతా అదే వదినా. చెమట పోస్తున్నంతసేపూ గుర్రం తట్టుకుంటుంది. ఇంత ఎండలో చెమట ఆగిపోయిందంటే, లోపల ఉడికిపోతున్నట్టే.

నిన్న పొద్దుటి నుంచీ కరెంటు లేదు. ఫ్యాన్లు ఆగిపోయాయి. మోటారు లేదు, పైపులో నీళ్లు లేవు. యజమాని పిల్లాపాపల్ని తీసుకుని చల్లని చోటికి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ గుర్రాలన్నింటినీ నిమిరి 'జాగ్రత్త' అని చెప్పాడు. నాకు చెప్పలేదులే, వాటికే!

పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే ఎక్కడో ఆవు ఈనుతోందట. "నేనొచ్చేదాకా నీళ్లు పోస్తూనే ఉండు, ఆపకు. అది పడిపోయిందంటే మళ్లీ లేవడం కష్టం" అన్నాడు.

నీకా? నీకెందుకు ఫోన్ చెయ్యలేదంటావా? గుర్తే లేదు వదినా. నిన్న ఆ కాసేపూ నాకు నువ్వు లేవు, అన్నయ్య లేడు, టైలరమ్మ లేదు. ఆ తెల్లటి ఒళ్లు తప్ప ఏదీ కనపడలేదు.

దాన్ని మెల్లగా నడిపించి గోడనీడలో కట్టాను. నీళ్ల తొట్టేమో పెరటికి ఆ చివర. ముంచడం, పరిగెత్తడం, పొయ్యడం, మళ్లీ పరిగెత్తడం. నేను వెళ్లి వచ్చేలోగా పోసిన నీళ్లు దాని ఒంటి మీదే వేడెక్కిపోతున్నాయి. ఇంతలో దాని ముందుకాళ్లు వణకడం మొదలైంది. ఏడుపొచ్చేసింది నాకు. "ఎవరైనా ఉన్నారా!" అని అరిచాను. ఎవరుంటారు, ఆ మిట్టమధ్యాహ్నం? నేను అరిచినా, అరవకపోయినా ఇక్కడ ఒకటే.

అప్పుడొచ్చింది ఆవిడ.

నువ్వే పంపావా? కాదా? తనంతట తనే లేచి, చూసొస్తానని బయల్దేరిందా? అవునా... నాకు తెలియదు.

గేటు దగ్గర నిలబడి, "నేను..." అని ఏదో చెప్పబోయింది. ఎవరని అడగలేదు, కూర్చోమనలేదు. "బకెట్టు!" అన్నాను. ఆవిడతో నా మొదటి మాట అది. బాగుంది కదూ?

ఇంకొకరైతే మొహం మాడ్చుకుని వెళ్లిపోయేవారు. ఈవిడ చెప్పులు విడిచేసి తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్లింది. నిండు బకెట్టు తెచ్చి అందించడం, ఖాళీది పట్టుకుపోవడం. మధ్యలో పాపం, తనకి తోచి, గోనెపట్టా తడిపి దొరసాని వీపు మీద కప్పబోయింది. "కప్పకు! వేడంతా లోపలే ఉండిపోతుంది" అని కసిరాను. అది రెండో మాట.

"ఇంకా పొయ్యాలా?" అంది ఒకసారి. తల ఊపాననుకుంటా.

మూడో మాట లేదు వదినా. ఉన్న మాటలన్నీ దొరసానికే. "నా తల్లీ, నా బంగారం, పడిపోకే. నువ్వు పోతే నాకెవరున్నారే" అంటూ ఒకటే వాగుడు. అంతా ఆవిడ వినే ఉంటుంది. విన్నదా? ఏమంది?

...ఓహో. 'ఆయనకి మనుషులతో పనిలేదు' అందా. అనదూ మరి!

దొరసానికేం, బాగానే ఉంది. నిన్నే కాళ్లు నిలదొక్కుకుంది. బకెట్టులో మూతి పెట్టి నాలుగు గుక్కలు తాగింది. తల ఎత్తి నన్ను పైనించి చూసింది. నేను నీళ్ల కోసం మళ్లీ చెయ్యి వెనక్కి చాపాను. బకెట్టు రాలేదు. తిరిగి చూస్తే ఆవిడ లేదు. తడి పాదాల గుర్తులు గేటు దాకా ఉన్నాయి, అవీ ఆరిపోతున్నాయి. తర్వాత డాక్టరొచ్చి సూది వేసి, "ఒక్కడివే ఎలా నిలబెట్టావయ్యా?" అన్నాడు. ఏం చెప్పను? చుట్టాలొచ్చి వెళ్లారని చెప్పాను.

ఇప్పుడు వెళ్లి ఆవిణ్ణి బతిమాలమంటావు. గుర్రం చావుబతుకుల్లో ఉంది, అందుకే మాట్లాడలేదని చెప్పమంటావు. అది నిజమైతే కదా చెప్పడానికి!

ఆవిడ వెళ్లేసరికే దొరసాని కాళ్లు వణకడం ఆగి చాలాసేపైంది వదినా. ఇక చాలు, కాస్త నీడలో కూర్చోండి అని ఆవిడకి చెప్పొచ్చు. చెప్పలేదు. చెయ్యి వెనక్కి చాపితే చాలు, నిండు బకెట్టు చేతిలోకి వచ్చేస్తోంది. అడక్కుండానే. నా వెనకాల ఒక మనిషి ఉండటం, నేను చాపిన చేతిలో ఏదో ఒకటి పెట్టడం... ఎలా ఉందో తెలుసా నాకు? చాలంటే వెళ్లిపోతుందని, అవసరం లేకపోయినా పోస్తూనే ఉన్నాను. వెనక్కి తిరిగితే ఏదో ఒకటి మాట్లాడాలి. మాట్లాడితే చెడగొట్టేస్తానని, తిరగలేదు.

ఆఖరిసారి బకెట్టు రానప్పుడు కూడా వెంటనే తిరగలేదు. చెయ్యి అలాగే చాపి ఉంచాను. చాలాసేపు.

ఇదంతా ఆవిడకి చెప్పకు. నువ్వు చెప్పకుండా ఉండలేవని నాకు తెలుసు. అయినా సరే, చెప్పొద్దనే అంటున్నాను.