బర్గండీ దగ్గర గండి

2001వ సంవత్సరం. వై టూ కే గండం గడిచాక ప్రోగ్రామర్లను ‘వై’ అని అడిగే నాథుడు కూడా లేని సిడ్నీ. పెండిల్ హిల్ ఫ్లాట్‌లో మంగళ, ప్రోగ్రామర్ పని దొరక్క వైన్ షాపు ఇంటర్వ్యూకి వెళ్లిన భర్త కోసం తలుపు తెరిచే ఉంచింది. ఈ ఉద్యోగం కూడా రాకపోతే శుక్రవారం విమానంలో శాశ్వతంగా వెనక్కి పోవడమే.

“ఏమైందండీ? యూరప్ వైన్ల గురించి అడిగారా?”

“అంతా అడిగాడు ఆ షాపు ఓనరు. బోర్డో, రియోహా, మోజెల్, ఎక్కడ ఏ ద్రాక్షో గడగడా అప్పజెప్పేశాను. ఆఖర్న గ్లాసులో బర్గండీ వైన్ పోసి, తాగి రుచి చెప్పమన్నాడు.”

“చెర్రీ పండ్లు, వానకు తడిసిన మట్టి. వారం రోజులు నేనే బట్టీ పట్టించాను కదా.”

“అదే చెప్పాను. పెదాలకు ఆనించి, గుటక వేసినట్టు నటించి మరీ.”

“మరింకేం?”

“ఆ సీసా మూత తీసి నెలైందట. పులిసి వెనిగరైపోయింది. కావాలనే పోశాడు.”

“వాసన రాలేదా?”

“పుల్లగా వచ్చింది. వైనంటే ఇంతేనేమో అనుకున్నాను. నేనెప్పుడు చూశాను గనక.”

మంగళ గొంతు తగ్గింది. “ఒక్క గుక్క తాగాల్సింది.”

“చుక్క ముట్టనని నీ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను కదే.”

“ఆ మాట ఆయనతో చెప్పారా?”

“చెప్పాను, అంతా అయ్యాక. ‘తాగనివాడికైనా ఉద్యోగం ఇచ్చేవాణ్ణి, తాగకుండా రుచి చెప్పేవాడికి ఇవ్వలేను’ అన్నాడు.”

మంగళ లేచి తెరిచి ఉంచిన తలుపు మూసింది.

“అల్మరా మీంచి పెద్ద సూట్‌కేసు దించండి. నాకు అందదు.”