గదిలో లేని దొంతి

కువైట్‌లోని సులైబియా గోదాములో పెట్టెల దొంతికి వీపు ఆనించి తన వంతు కోసం చూస్తున్న నరసింహులు, పరీక్ష గదిలోంచి బయటికొచ్చిన బాలసుబ్బయ్యను ఆపాడు.

“ఏం చేపిచ్చినారన్నా?”

“కండ్లకు పెద్ద అద్దాలు కట్టినారు. దాంట్లో మన గోదామే కనపడతాది. ఇంజనీరు పెట్టెలెత్తమన్యాడు. ఉత్త గాలి, బరువే ల్యా.”

“మన నడుములు పోకుండా పని మారుస్తారంట గదా?”

“నమ్మినావులే అబ్బీ! నడుము పోయినోళ్లను ఏరి ఊరికి పంపేకి ఇదంతా.”

“నీ నొప్పి సంగతి చెప్పినావా?”

“చెప్తానా! పడుచోని మాదిరి ఎత్తినా.”

“మరి మోచెయ్యి కొట్టుకుపోయిందే?”

“పదో పెట్టె దించి, నడుము పట్టేస్తే ఎప్పటి మాదిరి దొంతికి ఆనుకోబోయినా. అద్దాల్లో ఉండే దొంతి గదిలో ల్యా. పడినా.”

“ఇంజనీరు నవ్వినాడా?”

“నవ్వలే. రాసుకున్యాడు.”

నరసింహులు దొంతి నుంచి మెల్లగా వీపు తీసి, నిటారుగా నిలబడ్డాడు.