సీసాల వరస

అంగడి ముందు మనుషులకు బదులు కిరసనాయిలు సీసాలు వరసలో నిలబడే రోజులవి. పొద్దున్నే తన సీసా, పక్కింటి చెంచులక్ష్మి సీసా వరసలో పెట్టిన గురవమ్మ, కాస్త చూస్తూ ఉండమని ఆమెకు చెప్పి ఇంటికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి శెట్టి పీపా బోర్లించేశాడు.

"అయిపోయిందా మే?"

"అయిపోయిందక్కా. నా సీసాతోనే ఆఖరు."

"ఆ శెట్టి ఎప్పుడూ ఇంతే. గరాటు తుడిచేదానికే గంట చేస్తాడు."

చెంచులక్ష్మి తలెత్తలేదు. గురవమ్మ అటు పోగానే, వెనకున్న తన సీసాను ఎత్తి ఆమె సీసాకు ముందు పెట్టింది తనే.

"ఇంతసేపు ఇంట్లో ఏం చేసినావక్కా? ఇంకాస్త ముందు వచ్చుంటే..."

"కడుపుతో ఉండే నీ కూతురు రొయ్యలు అడిగిందన్నావు గదా. మా ఆయన వలలో నాలుగు పడినాయి. ఒలిచి తెచ్చేసరికి ఆలస్యమైంది."

ఆకు పొట్లం అడుగున తడి ఊరుతోంది. చెంచులక్ష్మి చెయ్యి చాచలేదు.

"సగం నూనె నువ్వు పోసుకో అక్కా. సీసా ఇటియ్యి."

"వద్దులే. నిండు మనిషి చీకట్లో తడుముకుంటా తిరగకూడదు."

"అది కాదక్కా. వరసలో నీ..."

"వరసలో నీదే ముందుండింది," అంది గురవమ్మ, ఖాళీ సీసా మూతిని కొంగుతో తుడుస్తూ. "రెండూ పెట్టింది నేనే గదా, నాకు తెలీదా? పొట్లం పట్టుకో మే, నీళ్ళు కారతుండాయి."